వానాకాలం ట్రెక్కింగ్: బ్యాగ్ సర్దే ముందు బూట్లు వంచి చూడండి

ట్రెక్కింగ్ సామాను చాలామంది ముందు రోజు రాత్రే బయటికి తీస్తారు. వానాకాలంలో ఆ అలవాటు మంచిది కాదు. బూటు అంచు లేచిందని అప్పుడు తెలిస్తే ఏం చేస్తారు? జిగురు గట్టిపడటానికే ఒక రోజు కావాలి. కనీసం రెండు వారాల ముందే అన్నీ తీసి, మంచి వెలుతురులో నేల మీద పరిచి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడండి.

మొదట బూట్లు. బాగా అరిగినవాటి సంగతి కంటికే తెలుస్తుంది. నా భయమంతా వాడకుండా అల్మరాలో దాచినవాటి గురించే. చాలా ట్రెక్కింగ్ బూట్లలో పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య పాలీయురెథేన్ అనే మెత్తటి పొర ఉంటుంది. గాలిలోని తేమ తగిలి అది ఏళ్ల తరబడి మెల్లగా పాడవుతుంది. పైన తోలు కొత్తగానే మెరుస్తుంటుంది, లోపల మాత్రం పొర పొడిపొడి అయిపోతుంది. నా జత ఒకటి ఇలాగే చాలా కాలం పెట్టెలో ఉండి, వానలో కొండ దిగుతుంటే అడుగు మొత్తం ఊడి చేతికొచ్చింది. గుడ్డపీలికలతో కట్టుకుని, అడుగడుక్కీ జారుతూ దిగాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

బూటును వేళ్ల దగ్గర బాగా వంచండి. పక్కనుంచి ఆ పొరను బొటనవేలితో నొక్కండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ జతను పక్కన పెట్టేయండి, జిగురుతో బాగయ్యేది కాదు. ముందు అంచు మాత్రమే కాస్త లేచి ఉంటే పాత జిగురును గరుకు కాగితంతో రుద్ది తీసి, ఆరినా సాగే గుణమున్న షూ జిగురు రాసి, తాడుతో బిగించి 24 గంటలు వదిలేయండి. ఆ తర్వాత బరువు మోస్తూ రెండు మూడుసార్లు నడిచి చూడాలి. దారిలో అవసరం పడితే పనికొచ్చేలా రెండు మీటర్ల డక్ట్ టేప్‌ను నీళ్ల సీసాకు చుట్టి పెట్టుకోండి.

రెయిన్ జాకెట్ మీద కాసిని నీళ్లు పోయండి. నీళ్లు బొట్లుగా జారిపోతే మంచిదే. బట్ట నల్లబడి నీళ్లు పీల్చుకుంటుంటే పై పూత పనిచేయడం లేదు. అప్పుడు వాన లోపలికి రాకపోయినా చెమట ఆవిరి బయటికి పోక లోపలే తడిసిపోతాం. చాలాసార్లు దీనికి కారణం మురికే. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ కలపకుండా ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టండి. అప్పటికీ నీళ్లు పీలిస్తే వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టాలి. లోపలివైపు పూత పొరలుపొరలుగా రాలుతుంటే మాత్రం ఇక కొత్తది కొనాల్సిందే.

బ్యాగ్ మీద వేసే రెయిన్ కవర్‌ను నేను పూర్తిగా నమ్మను. వీపు వైపు తెరిచే ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. బ్యాగ్ లోపలే ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, స్లీపింగ్ బ్యాగ్, పొడి బట్టలు అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడవండి. కాటన్ బట్టలు వద్దు. అవి తడిస్తే ఒక పట్టాన ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. దానికి గడ్డకట్టే చలే ఉండనక్కర్లేదు. 10 డిగ్రీల దగ్గర కూడా వానకు గాలి తోడైతే తడిసిన మనిషి ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. తోటివాళ్లలో ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా వెంటనే ఆగి, గాలి తగలని చోట వాళ్ల తడి బట్టలు మార్చండి.

టెంట్‌ను ఒకసారి వేసి పైపుతో నీళ్లు కొట్టి చూడండి. కుట్ల మీది టేప్ లేస్తే సీమ్ సీలర్, అంటే కుట్ల సందుల్లోంచి నీళ్లు రాకుండా మూసే జిగురు రాయాలి. సిలికాన్ పూత ఉన్న బట్టకు సిలికాన్ సీలరే అంటుకుంటుంది, మామూలుది ఊడిపోతుంది. జిప్ వేస్తుంటే వెనకాలే పళ్లు విడిపోతుంటే తప్పు సాధారణంగా పళ్లది కాదు, వాటి మీద జరిగే ముక్కది, అంటే అరిగిన రన్నర్‌ది. దాన్ని ప్లయర్‌తో రెండు వైపులా చాలా మెల్లగా నొక్కితే కొన్నాళ్లు పనిచేస్తుంది. ఎంత వాన పడుతున్నా టెంట్ లోపల స్టవ్ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

హెడ్‌ల్యాంప్‌లో పాత బ్యాటరీలు కారాయేమో చూసి కొత్తవి వేయండి.

చివరగా బ్యాగ్ నడుము బెల్టు. బకిల్ పగిలితే బరువంతా భుజాల మీదికి వస్తుంది కాబట్టి అదే సైజుది ఒకటి అదనంగా ఉంచుకోండి. వాగు దాటేటప్పుడు మాత్రం నడుము, ఛాతీ బెల్టులు రెండూ విప్పేయాలి. పడిపోతే బ్యాగ్ వదిలించుకోగలగాలి. నీళ్లు మోకాలు దాటి జోరుగా పారుతుంటే దిగనే వద్దు. చిన్న వాగులు చాలావరకు వాన ఆగిన కొన్ని గంటలకు తగ్గుతాయి. ఆ గంటలు ఒడ్డున కూర్చోవడానికి ఒక పూట తిండి ఎక్కువగా సర్దుకోండి.