ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ హఠాత్తుగా మొరాయిస్తే ఏ వరుసలో పరీక్షించాలి

ఎప్పుడూ సజావుగా పనిచేసే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒక రోజు తగిలించగానే కంప్యూటర్‌లో కనిపించకుండా పోతుంది, లేదా కనిపించినా తెరవబోతే ‘వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అనే సందేశం వస్తుంది. అందులోని డేటా దక్కుతుందా లేదా అన్నది లోపం తీవ్రత మీద ఎంత ఆధారపడుతుందో, ఆ వెంటనే మనం చేసే పనుల మీద కూడా దాదాపు అంతే ఆధారపడుతుంది. అందుకే కింద చెప్పబోయే పనులన్నిటినీ ఒకే నియమం ప్రకారం వరుసలో పెట్టాను. డిస్క్ మీద ఏమీ రాయని పరీక్షలు ముందు చేయాలి, డేటాను బయటికి తీసుకోవడం ఆ తరువాత, మరమ్మతు అన్నిటికన్నా చివర.

డిస్క్‌ను ముట్టుకోకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. అందులోని ఫైళ్ల అసలు ప్రతులు కంప్యూటర్‌లో ఇంకా ఉన్నాయా? ఉంటే, ఆ క్షణంలో మీకున్నవి ఆ ఒక్క ప్రతులే కనుక, ముందు వాటిని మరో డిస్క్‌లోకో క్లౌడ్‌లోకో కాపీ చేసుకుని, ఆ తరువాత నెమ్మదిగా ఈ డిస్క్ సంగతి చూడవచ్చు. చాలామంది ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ఫోటోలనూ వీడియోలనూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మార్చి అసలు వాటిని తొలగించేస్తారు. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మెమరీ కార్డులను మరుసటి కార్యక్రమానికి ఖాళీ చేయక తప్పదు. అలాంటప్పుడు ఆ డిస్క్‌కు బ్యాకప్ అని పేరు పెట్టుకున్నా, నిజానికి అదే ఏకైక ప్రతి. కాబట్టి ఇక్కడి ప్రతి హెచ్చరికనూ మరింత గట్టిగా పాటించవలసి ఉంటుంది.

మొదటి పరీక్షకు సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు డిస్క్‌ను బల్లమీద కదలకుండా పెట్టి, కేబుల్ తగిలించి, చెవి దగ్గరగా పెట్టి వినండి. లోపలి పళ్లేలు తిరుగుతున్న సన్నని నిలకడైన శబ్దం వస్తే యంత్రభాగం బతికే ఉన్నట్టు భావించవచ్చు. లైటు వెలిగినా శబ్దమే లేకపోతే కరెంటు చాలకపోవడం కావచ్చు, సర్క్యూట్ బోర్డు పాడైపోయి ఉండవచ్చు. తిరగబోయి ఆగిపోవడం, ఒకే లయలో టిక్కు టిక్కుమనడం, గీసినట్టు చప్పుడు రావడం వంటివి వినిపిస్తే వెంటనే కేబుల్ తీసేయాలి. డేటాను చదివే హెడ్లు పళ్లెం ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో మాత్రమే తేలుతూ ఉంటాయి. దెబ్బతిన్న హెడ్ పళ్లేనికి తగిలితే, కరెంటు ఉన్నంతసేపూ డేటా ఉన్న పూతను గీరివేస్తూనే ఉంటుంది. డిస్క్ కింద పడిన తరువాతే పనిచేయడం మానేసి ఉంటే, ‘ఒక్కసారి చూద్దాం’ అని కూడా తగిలించకపోవడం మంచిది. ఇక్కడితో ఇంటి ప్రయత్నాలు ఆపి, నేరుగా డేటా రికవరీ నిపుణుల దగ్గరికి వెళ్లడమే సరైన మార్గం.

టిక్కుమనే శబ్దానికి ఒక మినహాయింపు ఉంది. కరెంటు చాలకపోయినా డిస్క్ తిరగబోయి ఆగి, మళ్లీ తిరగబోతుంది. అందుకే కింద పడని డిస్క్ విషయంలో, వేరే కేబుల్‌తో వేరే పోర్టులో ఒక్కసారి ప్రయత్నించి చూడడం సమంజసమే. శబ్దం మారకపోతే మాత్రం ఆపేయాలి.

కేబుల్, కరెంటు సంగతిని తొందరపడి దాటవేయకూడదు. ఎందుకంటే పాడైపోయిందని పక్కన పడేసే డిస్కులలో కొన్నిటికి అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. జేబులో పట్టే రెండున్నర అంగుళాల డిస్కులు కరెంటును యూఎస్‌బీ పోర్టు నుంచే తీసుకుంటాయి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు ఇచ్చేది 900 మిల్లీయాంపియర్లు. పళ్లేలు తిరగడం మొదలుపెట్టే క్షణంలో డిస్క్‌కు కావలసినది మామూలుగా నడిచేటప్పటికన్నా చాలా ఎక్కువ. పాత పోర్టు, పొడవైన సన్నని కేబుల్, విడిగా అడాప్టర్ లేని హబ్, కీబోర్డు మీదుండే పోర్టు వంటివన్నీ ఆ క్షణంలో చేతులెత్తేస్తాయి. కాబట్టి హబ్‌నూ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌నూ తీసేసి, పొట్టి కేబుల్‌తో ల్యాప్‌టాప్ పోర్టుకే నేరుగా తగిలించాలి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందుభాగం కాకుండా వెనుక మదర్‌బోర్డుకే ఉన్న పోర్టును వాడాలి.

చాలా యూఎస్‌బీ 3.0 డిస్కులకు రెండు భాగాలుగా కనిపించే వెడల్పాటి మైక్రో బీ సాకెట్ ఉంటుంది. తీసి పెట్టగా పెట్టగా అది వదులవుతుంది, కేబుల్‌ను కాస్త కదిపితే డిస్క్ వచ్చి పోతూ ఉంటుంది. అలా కదుపుతూ పని కానివ్వడం ప్రమాదకరం, ఎందుకంటే ఏదైనా రాస్తున్న మధ్యలో సంబంధం తెగితే ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో చూపే అమరిక) పాడవవచ్చు. టైప్ సీ డిస్క్ అయితే ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌తో పరీక్షించి తేల్చేయకండి. వాటిలో కొన్నిటికి డేటా తీగలే ఉండవు.

బల్లమీద పెట్టుకునే మూడున్నర అంగుళాల డిస్కులకు సాధారణంగా 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉంటుంది. కరెంటు తరచుగా పోయి వస్తూ, వోల్టేజీ హెచ్చుతగ్గులుండే మన ఊళ్లలో ముందు దెబ్బతినేది చాలాసార్లు ఆ అడాప్టరే. కొత్తది పెట్టేముందు వోల్టేజీ అంతే ఉందా, యాంపియర్లు పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉన్నాయా, పిన్ను ధ్రువత్వం ఒకటేనా అని రెండు అడాప్టర్ల మీదా ముద్రించినది చదివి పోల్చుకోవాలి. పిన్ను పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పెడితే బోర్డు కాలిపోవచ్చు.

వేరే కేబుల్‌తోనూ వేరే పోర్టులోనూ ఫలితం లేకపోతే మరో కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. అక్కడ సవ్యంగా తెరుచుకుంటే వెంటనే అక్కడే కాపీ తీసుకోండి, కారణం వెతకడం ఆ తరువాత. మొదటి కంప్యూటర్‌లో కరెంటు ఆదా చేసే ఏర్పాటు ఒక కారణం కావచ్చు. విండోస్ పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపి, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్కును తీసేస్తే, బ్యాకప్ మధ్యలో డిస్క్ మాయమయ్యే సమస్య తరచుగా తీరుతుంది.

రెండో కంప్యూటర్‌లోనూ తెరుచుకోకపోతే, విండోస్ కీతో ఎక్స్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ‘ఇనిషియలైజ్ చేయమంటారా’ అని అడిగితే క్యాన్సిల్ నొక్కాలి, ఎందుకంటే అది కూడా డిస్క్ మీద రాయడమే. డిస్క్ కనిపించి, పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) ఆరోగ్యంగా ఉందని చూపిస్తూ, డ్రైవ్ లెటర్ మాత్రమే లేకపోతే రైట్ క్లిక్ చేసి ఒక అక్షరం కేటాయిస్తే చాలు; దానివల్ల ఫైళ్లకు ఏమీ కాదు. ఆఫ్‌లైన్ అని ఉంటే ఆన్‌లైన్ చేయవచ్చు. డిస్క్ పరిమాణం సరిగ్గానే చూపిస్తూ మొత్తం అన్‌అలకేటెడ్ (ఏ పార్టిషన్‌కూ కేటాయించని చోటు) అని ఉంటే పార్టిషన్ పట్టిక చెరిగిపోయి ఉండవచ్చు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉండే అవకాశం ఎక్కువ. పార్టిషన్ ఉండి, ఫైల్ సిస్టమ్ దగ్గర ‘రా’ (RAW) అని ఉంటే దాని నిర్మాణం చదవడానికి వీలులేకుండా ఉందని అర్థం. పరిమాణమే చూపించకపోయినా, తప్పుగా చూపించినా లోపం డిస్క్ లోపలిదో, దాని పెట్టెలోని యూఎస్‌బీ బోర్డుదో అనుకోవాలి.

ఫార్మాట్ చేయమనే సందేశం వచ్చినంత మాత్రాన డిస్క్ పాడైందనీ చెప్పలేము. మ్యాక్‌లో టైమ్ మెషీన్ కోసం సిద్ధం చేసిన డిస్క్‌ను విండోస్ చదవలేదు కనుక అదే సందేశం ఇస్తుంది. రికార్డింగ్ కోసం టీవీకి తగిలించినప్పుడు ఆ టీవీయే ఫార్మాట్ చేసి ఉన్నా అంతే. మ్యాక్‌లో దీనికి తిరగబడ్డ సమస్య ఒకటుంది. ఎజెక్ట్ చేయకుండా లాగేసిన ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ను మళ్లీ తగిలిస్తే, మ్యాక్ దాన్ని చూపించకుండా తెరవెనుక తనిఖీ నడుపుతుంది. పెద్ద డిస్క్ అయితే ఈ తనిఖీకి చాలాసేపు పడుతుంది, చూసేవారికి మాత్రం డిస్క్ చచ్చిపోయినట్టే ఉంటుంది. యాక్టివిటీ మానిటర్‌లో ఎఫ్‌ఎస్‌సీకేతో మొదలయ్యే ప్రక్రియ కనిపిస్తే, అది ముగిసేవరకు కేబుల్‌ను ముట్టుకోకుండా ఓపిక పట్టాలి.

ఇప్పుడు చాలామంది చేసే పని, విండోస్‌లోని మరమ్మతు సాధనమైన చెక్‌డిస్క్ (chkdsk) నడపడం. డేటా మరోచోట లేనప్పుడు ఆ పని చేయకండి. చెక్‌డిస్క్ లక్ష్యం ఫైల్ సిస్టమ్‌ను పొందికగా మార్చడమే తప్ప, మీ ఫైళ్లను కాపాడడం కాదు. పొంతన కుదరని వాటిని అది తెంచివేసి, దొరికిన ముక్కలను పేర్లు లేని ఫైళ్లుగా ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. మరమ్మతు అంటే డిస్క్ మీద రాయడమే, రాసినదాన్ని వెనక్కి తీసుకోలేము.

కాపీకి దిగేముందు డిస్క్ ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ (SMART) వివరాలను చూపిస్తుంది. యూఎస్‌బీ పెట్టెలలో కొన్ని ఈ వివరాలను బయటికి పంపవు, అప్పుడు ఈ దారి మూసుకుపోయినట్టే. వివరాలు వస్తే చూడవలసిన వరుసలు నాలుగే. 05 అనేది పాడై, బదులు చోటు కేటాయించిన సెక్టార్ల (డేటా నిలిచే చిన్న గడుల) లెక్క. సీ5 చదవలేక పెండింగ్‌లో ఉన్నవాటిది. సీ6 ఇక సరిదిద్దలేమని తేలినవాటిది. ఈ మూడింటిలో సున్నా కాని సంఖ్య ఉంటే, ముఖ్యంగా అది పెరుగుతూ ఉంటే, డిస్క్ రోజులు దగ్గరపడ్డాయని భావించి పని చేయాలి. సీ7 మాత్రమే పెరుగుతుంటే అనుమానించవలసింది డిస్క్‌ను కాదు, డేటా ప్రయాణించే కనెక్షన్‌ను.

కాపీ చేసేటప్పుడు అంతకన్నా పెద్ద ఖాళీ డిస్క్‌ను సిద్ధం చేసుకుని, మళ్లీ సంపాదించలేని వాటితో మొదలుపెట్టండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ఎప్పుడైనా దొరుకుతాయి, ఇంట్లోవాళ్ల ఫోటోలూ దస్తావేజుల స్కాన్లూ దొరకవు. ఫైళ్లు ఇంకా కనిపిస్తుంటే విండోస్‌లోని రోబోకాపీ అనే కమాండ్ ఎక్స్‌ప్లోరర్ కన్నా మేలు. అయితే చదవలేని ఫైలు ఎదురైతే అది తనంతట తాను 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది కనుక, ఆర్, డబ్ల్యూ అనే రెండు స్విచ్‌లకూ విలువ 1 అని (/R:1 /W:1) తప్పక ఇవ్వాలి. లేకపోతే ఒక్క పాడైన ఫైలు దగ్గరే ఆగిపోయి, నీరసించిన డిస్క్‌ను అది ఇంకా అరగదీస్తుంది.

ఫైళ్లు కనిపించకపోయినా, సెక్టార్లు పాడవుతున్నా, ముందు డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టుగా నకలు) తీసుకోవడమే అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. లినక్స్‌లో నడిచే డీడీరెస్క్యూ ఇందుకోసమే ఉంది. అది సులభంగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లను దాటుకుంటూ పోయి, చివర్లో వాటి దగ్గరికి తిరిగివస్తుంది. ఎక్కడివరకు చదివిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆగినా అక్కడినుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ఒక్క విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే: ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కు అన్నది తారుమారైతే అంతా పోతుంది. ఇమేజ్ చేతికొచ్చాక టెస్ట్‌డిస్క్‌తో పార్టిషన్ వెతకవచ్చు, ఫోటోరెక్‌తో ఫైళ్లను ఏరుకోవచ్చు. ఫోటోరెక్ ఫైళ్ల పేర్లనూ ఫోల్డర్లనూ తిరిగి ఇవ్వలేదు, లోపలి సరుకును మాత్రం చాలావరకు ఇస్తుంది.

డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెట్టమనే సలహా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దానివల్ల లోపల తేమ పట్టి, ఉన్న అవకాశం కూడా పోతుంది. తట్టడం, మూత విప్పడం, మరో డిస్క్ బోర్డు తెచ్చి బిగించడం కూడా చేయకూడదు. ఆధునిక డిస్కుల బోర్డులో ఆ ఒక్క డిస్క్‌కే చెందిన సర్దుబాటు సమాచారం ఉంటుంది కనుక, అదే మోడల్ బోర్డు అయినా సాధారణంగా పనిచేయదు. పెట్టెలోంచి డిస్క్‌ను తీసి కంప్యూటర్ లోపలి డిస్కులకు వాడే సాటా కేబుల్‌కు నేరుగా తగిలించే ఉపాయం కొన్నిటికే పనికొస్తుంది. కొన్నిటికి యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే అతికి ఉంటుంది, మరికొన్నిటిలో డేటాను గుప్తీకరించేది ఆ పెట్టెలోని బోర్డే. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలకైతే శబ్దం అనే ఆధారమే లేదు, అవి చాలాసార్లు హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి. కేబుల్ మార్చినా గుర్తింపు రాకపోతే ఇంట్లో చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

రికవరీ సంస్థకు ఇచ్చేటప్పుడు, డేటా దక్కకపోతే ఎంత తీసుకుంటారు, డిస్క్ విప్పే పని దుమ్ములేని క్లీన్ రూమ్‌లో చేస్తారా, దక్కిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు చెల్లించవచ్చా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. విండోస్‌లో డిస్క్‌ను గుప్తీకరించే బిట్‌లాకర్ పెట్టి ఉంటే పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ లేకుండా వారు కూడా ఏమీ చేయలేరు, కాబట్టి ఆ కీని ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో కాగితం మీదో వెతికి పట్టుకోవాలి. వారంటీలో ఉన్న డిస్క్ విషయంలో మరో మాట. కంపెనీ ఇచ్చేది సాధారణంగా వేరే డిస్క్‌నే కానీ మీ డేటాను కాదు, పంపిన పాత డిస్క్ తిరిగి రాదు. డేటా కావాలనుకుంటే దాన్ని పంపకముందే రికవరీ పని పూర్తి చేయించుకోవాలి, అందుకోసం డిస్క్ విప్పితే వారంటీ చెల్లుతుందో లేదో ముందే కంపెనీని అడిగి తెలుసుకోవాలి.