రెడ్ వైన్ రుచి చూసే ముందు సీసా వేడి చూడండి

"ఘాటుగా ఉంది, పండు వాసనే లేదు" అని కొత్త రెడ్ వైన్ గురించి తీర్పు చెప్పేముందు అది ఎంత వేడిగా ఉందో చూడండి. రెడ్‌ను గది వేడిలో తాగాలన్న సలహా యూరప్‌లోని చల్లటి ఇళ్లది. దానికి తగిన వేడి 16–18 డిగ్రీలు. వేసవిలో హైదరాబాద్, విజయవాడ గదులు 32 దాటతాయి. ఆ వేడికి ఆల్కహాల్ ఆవిరే ముందు ముక్కుకు తగిలి మిగతా వాసనల్ని కప్పేస్తుంది. 14 శాతం ఆల్కహాల్ ఉండే షిరాజ్ అనే రకం రెడ్ వైన్‌లో ఇది బాగా తెలుస్తుంది.

సీసా తగినంత చల్లబడడానికి ఫ్రిజ్‌లో పెడితే గంటన్నర దాకా పడుతుంది. బకెట్టే మేలు: సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడదాకా ముంచండి, 10–12 నిమిషాలు చాలు. నీళ్లు తప్పనిసరి. ఒట్టి ఐసు ముక్కల మధ్య గాలి ఉండిపోయి చల్లదనం గాజుకు సరిగా అందదు. ఫ్రీజర్ జోలికి వద్దు, మర్చిపోతే వైన్ గడ్డకట్టి కార్కును పైకి తోసేస్తుంది.

మరీ చల్లబడితే టానిన్ల (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థాల) వగరు పెరుగుతుంది, వాసన ముడుచుకుపోతుంది. అప్పుడు గ్లాసులో వైన్ ఉండే గుండ్రటి భాగాన్ని కాసేపు అరచేతుల్లో పట్టుకోండి. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి, మన వాతావరణంలో త్వరగా వేడెక్కుతుంది. రెండు సీసాలను పోల్చాలంటే రెండింటినీ ఒకే బకెట్‌లో, ఒకేసారి పెట్టండి.