పత్తి కట్టెను కంపోస్టుగా మార్చుకోవడం ఎలా?

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు ముగియగానే కట్టెను పీకి, గట్టున పోగువేసి, నిప్పు పెట్టడం ఏటా కనిపించేదే. ఆ కట్టెనే మార్చి నెలలో కంపోస్టుకు వేసుకుంటే, ఆగస్టులో మిరప నాటుకునే నాటికి మాగిన ఎరువు సిద్ధంగా ఉంటుంది.

ముందుగా కట్టెకు మిగిలిన ఎండు కాయలను ఏరి కాల్చివేయాలి. గులాబీ రంగు పురుగు వాటిలోనే దాగి ఉంటుంది. ఎండు తెగులు సోకిన మొక్కలను కూడా పక్కన పెట్టాలి. మిగిలిన కట్టెను ష్రెడ్డర్ యంత్రంతో రెండంగుళాలకు మించని ముక్కలుగా చేయించాలి. నిలువు కట్టెను అలాగే వేస్తే ఏడాదైనా చివకదు.

నల్లరేగడిలో గుంట తవ్వితే వానకు నీరు నిలుస్తుంది కనుక, మెరక మీద, చెట్టు నీడన, నేలపైనే కుప్ప వేయడం మేలు. రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉంటే చాలు. పొడవు మీ ఇష్టం. జానెడు మందాన కట్టె ముక్కలు పరచి, వాటిపై గ్లైరిసీడియా, కానుగ వంటి పచ్చి ఆకును గానీ కూరగాయల వ్యర్థాలను గానీ వేసి, చిక్కటి పేడనీళ్లు చల్లుతూ వరుస మీద వరుస పేర్చాలి. విజయవాడ రైతుబజారు నుంచి వ్యర్థాలు తెచ్చుకునేవారు ప్లాస్టిక్ కవర్లను ఓపికగా ఏరివేయక తప్పదు. కట్టెలో కర్బనం ఎక్కువ, నత్రజని బహు తక్కువ. పచ్చి ఆకు, పేడ కలిపి ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉండేలా చూస్తేనే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి.

నాలుగైదు రోజులకు కుప్పలో ఇనుప చువ్వ గుచ్చి, కాసేపాగి తీస్తే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడితే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. పదిహేను రోజులకోసారి కుప్పను తిరగవేయాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే. తిరగవేసేటప్పుడు నడుమ బూడిద చల్లినట్టు తెల్లని పొర, పొడి ముక్కలు కనిపిస్తే నీరు చాలలేదని అర్థం. గుప్పెడు తీసి పిండితే వేళ్లు తడవాలి గానీ నీరు కారకూడదు. దుర్వాసన వస్తే నీరు ఎక్కువైనట్టే. ఎండు ముక్కలు కలిపి తిరగవేస్తే సర్దుకుంటుంది.

నాలుగైదు నెలలకు కుప్ప సగానికి కుంగి, ఎరువు ముదురు గోధుమ రంగుకు తిరిగి, తొలకరి మట్టివాసన వేస్తుంది. అయినా నమ్మకం చాలకపోతే, తడి ఎరువును గుప్పెడు కవరులో మూటకట్టి మూడు రోజుల తర్వాత విప్పి చూడండి. ఘాటు వాసన కొడితే ఇంకా మాగలేదన్నమాట. ఒక ఏడు తొందరపడి సగం చివికిన ఎరువు తోలితే మా మిరప నారు పాలిపోయింది; ఆ ముక్కలు చివకడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే వాడుకున్నాయి. అలాంటి ఎరువుకు చెదలూ పడతాయి.

మాగిన ఎరువును ఎకరానికి రెండు నుంచి నాలుగు టన్నుల వంతున ఆఖరి దుక్కికి ముందు చల్లాలి. తడిస్తే జిగటగా, ఆరితే నెర్రెలుగా మారే నల్లరేగడి, ఏటా ఎరువు పడుతున్న కొద్దీ గుల్లబారి నీటిని లోపలికి తీసుకుంటుంది. చల్లిన ఎరువును ఎండకు వదిలేయకుండా అదే రోజు గొర్రు తోలి మట్టిలో కలిపేయాలి.