నిలకడ నీళ్ళలో స్లాలమ్ గేట్లు: బెంగళూరులో సాధన మొదలుపెట్టేవారికి

స్లాలమ్ అంటే తాడుకు వేలాడే రెండేసి పైపుల మధ్య నుంచి, వాటిని తాకకుండా పడవ నడిపే పందెం. ఆ పైపుల జతే గేటు. టోక్యో ఒలింపిక్స్ కయాక్ (తెడ్డుకు రెండు కొసలా రెక్కలుండే పడవ) ఫైనల్లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి జెస్సికా ఫాక్స్ 106.73 సెకన్లకు కాంస్యం దగ్గర ఆగిపోయింది. స్వర్ణం 105.50కి దక్కింది. ఆమె లెక్కలో 4 సెకన్లు రెండుసార్లు గేటు తాకినందుకు పడ్డవే. రెండు రోజులకే కెనూ (ఒంటిరెక్క తెడ్డు పడవ) ఫైనల్లో ఒక్క గేటూ తాకకుండా దిగి స్వర్ణం గెలిచింది. తాకకుండా తిరగడమనే విద్యకు పునాది వేయాలంటే ఉరకలెత్తే నది అక్కర్లేదు, చెరువు చాలు.

చెరువును జాగ్రత్తగా ఎంచుకోండి. బెళ్ళందూరు, వర్తూరు లాంటి నురగ చెరువుల జోలికి పోవద్దు. బోల్తాపడితే ఆ నీళ్ళు నోట్లోకే వస్తాయి. చెరువు ఏ శాఖదో గట్టుమీద కన్నడ బోర్డు చెబుతుంది, మన లిపికి దగ్గరే కాబట్టి కూడబలుక్కోవచ్చు. వాళ్ళ దగ్గర లిఖితపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే తాడు కట్టండి. హెల్మెట్, లైఫ్ జాకెట్, గట్టుమీద ఈతొచ్చిన మనిషి, ఈ మూడూ లేనిరోజు నీళ్ళలోకి దిగొద్దు.

గేటుకు 40 మి.మీ. పీవీసీ పైపులు రెండు, ఒక్కోటి 2 మీటర్లు. 20 సెం.మీ.కు ఒక పట్టీ చొప్పున రంగు వేయండి, అట్టడుగు పట్టీ తెల్లగా ఉండాలి. ప్రవాహంతో దిగే గేటుకు ఆకుపచ్చ-తెలుపు, ఎదురెక్కే గేటుకు ఎరుపు-తెలుపు. చెరువులో ప్రవాహం ఉండదు కాబట్టి, ఎర్ర గేటంటే వెనక్కి తిరిగి దాటాల్సినది అనుకోండి. అడుగున గుప్పెడు ఇసుక పోసి మూత బిగించకపోతే సాయంత్రం గాలికి పైపు ఊగుతుంది, తాకింది మీరో గాలో తేలదు. నైలాన్ తాడు తడిస్తే సాగి గేటు నీళ్ళలో మునుగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు కొనండి. పైపు కొస నీటికి 20 సెం.మీ. పైన ఉండాలి. పైపుల మధ్య మొదట ఒకటిన్నర మీటరు, చేయి కుదిరాక నియమాల్లోని కనిష్ఠం 1.2 మీటర్లు.

అసలు కష్టం ఎర్ర గేటు దగ్గరే. బయటి వైపు తెడ్డుతో వెడల్పుగా ఒక తోపు, వెంటనే లోపలి వైపు తెడ్డును నిలువుగా నాటి, పడవ ముక్కును దానివైపు లాక్కోవాలి. చాలామంది ఆ తెడ్డును వెనక్కి గుంజుతారు. పడవ చచ్చుబడి ఆగుతుంది, తోక విసురుగా వచ్చి పైపును కొడుతుంది. తెడ్డు మోకాలికి ముందే ఉండాలి, చూపు అప్పటికే తర్వాతి గేటు మీద ఉండాలి. గేటు గీతను, అంటే రెండు పైపుల మధ్య ఊహాగీతను, తల మొత్తం, పడవలో కొంత భాగం కలిసి దాటితేనే లెక్క. తాకితే 2 సెకన్లు, తప్పిపోతే 50.

ఆరు గేట్లు, పరుగుకు నిమిషంన్నర, మధ్యలో మూడు నిమిషాల విశ్రాంతి, రోజుకు ఆరు పరుగులు. ప్రతి పరుగులో ఎన్నిసార్లు తాకారో నోటుబుక్కులో రాయండి. వరసగా పది పరుగులు తాకకుండా వచ్చేదాకా స్టాప్‌వాచ్ బయటికి తీయకండి, తీశాక టైమును విడిగా రాయండి. తొందరపడితే పైపును మోచేత్తో తప్పించే అలవాటు పడుతుంది, దాన్ని వదిలించడం చాలా కష్టం.

ఆ తర్వాతే ఉరకలెత్తే నీళ్ళు: కర్ణాటకలోనే ఉన్న దాండేలి, కాళీ నది. అక్కడి ప్రవాహం సూపా డ్యామ్ వదిలే నీళ్ళను బట్టి మారుతుంది, ఫోను చేసి కనుక్కునే బయల్దేరండి.