ఎండలు ముదిరేలోపు ఇంట్లో సీరమ్ చేస్తున్నారా? నిమ్మకాయ పక్కన పెట్టండి

మార్చి వచ్చిందంటే చాలామంది కలబంద, రోజ్ వాటర్, నిమ్మకాయ ముందేసుకుని ముఖానికి రాసుకునే సీరమ్ తయారీకి కూర్చుంటారు. తప్పేం లేదు, నేనూ చేసుకుంటాను. నిమ్మరసం మాత్రం వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా చెల్లెలు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో నిమ్మరసం కలిపిన సీరమ్ రాసుకుని, సరిగా కడుక్కోకుండానే డాబా మీద వడియాలు పెట్టడానికి వెళ్లింది. ఆ రోజు ఏమీ అనిపించలేదు. మర్నాడు సాయంత్రానికి చెంప ఎర్రబడి మంట మొదలైంది. నాలుగు రోజులకి గోధుమరంగు చార తేలింది. సీరమ్ చెంప మీంచి దవడ దాకా ఎలా కారిందో అచ్చం అలాగే! అది పూర్తిగా పోయేసరికి దసరా వచ్చింది.

నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. కాయ పిండేటప్పుడు అవీ రసంలోకి దిగుతాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు అవుతుంది, తర్వాత మచ్చ పడుతుంది. పైగా చర్మం పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) సుమారు 5 ఉంటే నిమ్మరసానిది 2 దగ్గర ఉంటుంది. విటమిన్ సి కోసమే కదా అంటారా? 100 మిల్లీలీటర్ల రసంలో ఉండేది ఇంచుమించు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. అదే 10 శాతం విటమిన్ సి ఉన్న సీరమ్ అయితే అంతే కొలతలో 10 గ్రాములు ఉంటుంది. ఆ కాస్త కోసం ముఖాన్ని ఎండకి అప్పగించొద్దు.

విటమిన్ సి పొడి కొని చేసుకునేవాళ్లు చెంచాలతో కొలవకండి. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా వాడండి. 18 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌కి 2 గ్రాముల పొడి వేస్తే 10 శాతం. 20 శాతం దాటితే లాభం పెరగదు, మంట పెరుగుతుంది. సీసాలో నీళ్లు పసుపు రంగుకి తిరిగితే పారబోయండి. చప్పరించే విటమిన్ సి మాత్రలు నూరి కలపొద్దు, వాటిలో చక్కెర, రంగు ఉంటాయి.

కలబందతో చేసేవాళ్లు ఆకు కోయగానే గుజ్జు తీయకండి. కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో ఓ ఇరవై నిమిషాలు నిలబెట్టండి. పసుపుపచ్చ పసరు చుక్కచుక్కగా కారి గ్లాసు అడుగున చేరుతుంది. దురద పుట్టించేది అదే. తర్వాత ఆకు కడిగి, తొక్కు మందంగా చెక్కేసి, అద్దంలా ఉన్న గుజ్జు మాత్రమే తీసుకోండి.

ఇక నీళ్లున్న ఏ సీరమ్ అయినా చెడిపోతుంది. బూజు కనిపించకముందే అందులో బ్యాక్టీరియా పెరిగిపోతుంది, వాసన చూసి కనిపెట్టలేం. విటమిన్ ఇ క్యాప్సూల్ కలిపితే నిలవ ఉంటుందనుకుంటారు. అది నూనె కంపు పట్టకుండా ఆపుతుందే గానీ బ్యాక్టీరియాని ఆపదు. అందుకే రెండు చెంచాల గుజ్జు, ఒక చెంచా రోజ్ వాటర్, నాలుగైదు చుక్కల గ్లిజరిన్, అంతే చేయండి. ఫ్రిజ్‌లో పెట్టినా నేను మూడో రోజు దాటనివ్వను. గాజు సీసాని పది నిమిషాలు మరిగించి, లోపల తడి లేకుండా ఆరనివ్వండి. డ్రాపర్ ముఖానికి తగలనివ్వకండి. సీసా మీద తేదీ రాసిన ప్లాస్టర్ ముక్క అంటించండి.

ముఖానికి రాసేముందు మోచేతి మడత లోపల ఒక చుక్క రాసి రెండు రోజులు ఆగండి. ఇంట్లో పెళ్లి ఉంటే, ముహూర్తానికి రెండు వారాల ముందు నుంచీ కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. మొటిమలకి డాక్టర్ రాసిన క్రీములు వాడుతున్నవాళ్లు, ఎగ్జిమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వీటి జోలికి వెళ్లండి.

మంట పుడితే టెన్షన్ పడి పసుపో, టూత్‌పేస్టో పూయకండి. చల్లటి నీళ్లతో బాగా కడిగి, ఆ రోజు ఎండలోకి వెళ్లకండి. మచ్చ పడితే మెడికల్ షాపులో అడిగి తెల్లబరిచే క్రీమ్ తెచ్చుకోవద్దు, కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. చర్మ డాక్టర్‌కి చూపించండి. కళ్లు, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఆ సీరమ్ సీసా కూడా వెంట తీసుకెళ్లండి.