సిరీస్ మొత్తం కొనే ముందు రెండు శాంపిల్స్

సరదా గూఢచారి నవలల సిరీస్ ఏదో బాగుందంటారు. చూస్తే పది, పదిహేను పుస్తకాలు. ఉత్సాహంగా సెట్టు కొంటే రెండోదాని దగ్గరే ఆగిపోతాం.

కొనే ముందు కిండిల్‌లో మొదటి పుస్తకం ఉచిత శాంపిల్‌తో పాటు ఐదోదో ఆరోదో దానిది కూడా దించుకోండి. మొదటిది ఇరవై పేజీలు చదవండి. కథ సంగతి పక్కనపెట్టి, అందులోని ముఖ్యపాత్రతో కాలక్షేపం అవుతుందా లేదా అన్నదే చూడండి. డొరొతీ గిల్మన్ రాసిన మిసెస్ పొలిఫాక్స్ సిరీస్ ఉంది కదా, 1966 నుంచి 2000 దాకా 14 నవలలు. అందులో పిల్లలు పెద్దవాళ్లయిపోయి, ఏం తోచని ఓ న్యూజెర్సీ పెద్దావిడ నేరుగా సీఐఏ ఆఫీసుకెళ్లి గూఢచారిగా పనికొస్తానంటుంది! అక్కడ నవ్వొస్తే మీ పుస్తకమే. ‘ఇలా ఎక్కడైనా జరుగుతుందా’ అని చిరాకేస్తే వదిలేయండి, ముందు ముందు ఆవిడేం మారదు.

తర్వాత మధ్య పుస్తకం పది పేజీలు చాలు. అక్కడా అదే హుషారుంటే మొదటిది ఒక్కటే కొనండి, సెట్టు తర్వాత చూద్దాం.

ఒకే కథ పుస్తకం తర్వాత పుస్తకం సాగే సిరీస్‌కి మాత్రం మధ్య శాంపిల్ ముట్టుకోవద్దు. ఎవరు పోయారో, ఎవరు ద్రోహో ముందే తెలిసిపోతుంది. ముందుమాట పెద్దదైతే శాంపిల్ అంతా దానికే సరిపోతుంది కూడా. పాత తెలుగు డిటెక్టివ్ పాకెట్ నవలలకైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద విడి కాపీ ఒకటి వెతుక్కోవడమే.