తిరుపతి (రేణిగుంట) ఎయిర్‌పోర్టులో దిగాక సూట్‌కేసు రాకపోతే ఏం చేయాలి?

బెల్టు ఆగిపోయింది, అందరి సామాన్లూ వచ్చాయి, మీ సూట్‌కేసు మాత్రం రాలేదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బయట కారు ఎదురుచూస్తోందని, దర్శనం టైమ్ దగ్గర పడుతోందని "హోటల్‌కి వెళ్లి ఫోన్ చేద్దాంలే" అంటూ బయటికి వచ్చేస్తారు. దయచేసి అలా రాకండి. ఒకసారి గేటు దాటితే మళ్లీ లోపలికి వెళ్లనివ్వరు. అక్కడితో సగం పని చెడినట్టే.

ముందుగా సర్దుకోవడం గురించి రెండు ముక్కలు. అమ్మానాన్నలవి ఒక పెట్టె, పిల్లలవి ఒక పెట్టె అని విడదీయకూడదు. ప్రతి పెట్టెలో ఇంట్లో అందరివీ ఒక్కో జత ఉండాలి. పంచె, కండువా, చీర లాంటి దర్శనం బట్టలు, ఒరిజినల్ ఆధార్ కార్డులు, మందులు, నగలు చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. మూడు వందల రూపాయల దర్శనానికి సంప్రదాయ దుస్తులు, ఒరిజినల్ గుర్తింపు కార్డు రెండూ కావాలి. పెట్టె మూసే ముందు ఒక ఫోటో, మూశాక ఇంకో ఫోటో తీసుకోండి. హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బను కడితే చాలనుకుంటారు. బెల్టు మీద గుర్తుపట్టడానికి అది సరే గానీ, తప్పిపోయిన పెట్టెను వెతికేవాళ్లకు ఫోటోయే ఆధారం.

ఇక ఎయిర్‌పోర్టులో. పెద్ద సామాన్లు విడిగా పెట్టే చోట ఒకసారి చూడండి. అక్కడా లేకపోతే, బ్యాగేజీ ట్యాగు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు లోపలే ఉండి, పిల్లల్ని, పెద్దవాళ్లని కారు దగ్గరికి పంపేయాలి. బోర్డింగ్ పాసు వెనక అంటించిన చిన్న స్టిక్కరే ఆ ట్యాగు. దాన్ని చింపి పారేయకండి, దాని మీది నంబరే మీ పెట్టెకు గుర్తు.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మిమ్మల్ని తిరుపతికి తెచ్చిన విమాన సంస్థ సిబ్బందిని అడిగి ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, అంటే సామాను అందలేదని నమోదు చేసే కాగితం, రాయించాలి. కౌంటర్లో పీఐఆర్ అంటే అర్థమవుతుంది. "తర్వాతి ఫ్లైట్‌లో వస్తుందండీ, నంబర్ ఇచ్చి వెళ్లండి" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. అయినా రిపోర్టు నంబరు చేతికి వచ్చేదాకా కదలకండి. మాట మీద వచ్చేస్తే రేపు పెట్టె రానప్పుడు మీరు అడిగారనడానికి కాగితం ముక్క కూడా ఉండదు. ఆన్‌లైన్‌లో తర్వాత నింపుకోవచ్చంటారు గానీ, అక్కడే నిలబడి రాయించుకున్నదానికి ఉన్న బలం దానికి రాదు.

రిపోర్టులో "నల్ల ట్రాలీ" అని రాస్తే రాయనట్టే లెక్క. ఎన్ని చక్రాలు, గుడ్డదా గట్టిదా, ఏ కంపెనీది, ఏ మూల గీత పడింది, అన్నీ రాయించండి. లోపల ఏముందో కూడా చెప్పండి. ట్యాగు ఊడిపోయిన పెట్టెను తెరిచి, లోపలి వస్తువులతోనే పోల్చి చూస్తారు. "బట్టలు" అంటే లాభం లేదు. "పైనే ఆకుపచ్చ అంచు పట్టుచీర, కింద స్టీలు డబ్బాలో సున్నుండలు" అంటే ఇట్టే దొరుకుతుంది.

అడ్రసు దగ్గర ఇంకా జాగ్రత్త. చాలామంది "తిరుమల" అని రాసేస్తారు. కొండ మీద గది నంబరు అక్కడికి వెళ్లి తీసుకున్నాకే తెలుస్తుంది, పెట్టె తెచ్చేవాడు ఎక్కడని వెతుకుతాడు? కింద తిరుపతిలో హోటల్‌దో, చుట్టాల ఇంటిదో రాయించండి. ఫోన్ నంబర్లు రెండు ఇవ్వాలి. దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్లు డిపాజిట్ చేసేస్తాం కదా, డెలివరీ అతను సరిగ్గా అప్పుడే చేస్తే ఎవరెత్తుతారు? రెండో నంబరు ఊళ్లో ఉన్నవాళ్లదై ఉండాలి. ఎన్నాళ్లు ఆ అడ్రసులో ఉంటారో, తర్వాత ఎక్కడికి పంపాలో కూడా రాయించి, కాపీ తీసుకోండి.

విదేశాల నుంచి హైదరాబాద్ మీదుగా వచ్చేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో కస్టమ్స్ దాటించి పెట్టెను మళ్లీ మీరే అప్పగించాలి. అది నేరుగా తిరుపతికి వస్తుందని వదిలేసి, అక్కడే ఉండిపోయాక ఇక్కడ గొడవపడేవాళ్లు ఎందరో. రెండు విమానాలకూ వేర్వేరు టికెట్లయితే, హైదరాబాద్‌లోనే రాని పెట్టెకు అక్కడే ఫిర్యాదు చేసి రావాలి.

ఆ రోజుకి కావలసినవి గాంధీ రోడ్డులో కొనుక్కోండి. కొండ మీద కొనడం కంటే కిందే మేలు, తీరిగ్గా చూసుకోవచ్చు. తలనీలాల మొక్కు ఉంటే స్నానం తర్వాత కట్టుకోవడానికి ఇంకో జత తప్పదు, మర్చిపోకండి. బిల్లులన్నీ రిపోర్టులో ఉన్న పేరు మీదే తీసుకుని, అత్యవసర ఖర్చులకు ఏమిస్తారో విమాన సంస్థను మెయిల్‌లో అడగండి. అవసరమైన మేరకే కొనాలి, ఈ సాకుతో పట్టుచీర కొంటే ఎవరూ డబ్బులివ్వరు.

పెట్టె ఇంటికొచ్చాక సంతకం పెట్టే ముందే తాళం, చక్రాలు, జిప్పు చూసుకోండి. అంతర్జాతీయ ప్రయాణమైతే, సామాన్ల విషయంలో విమాన సంస్థల బాధ్యత ఏమిటో చెప్పే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మన దేశం అందులో 2009లో చేరింది. పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లోపు, ఆలస్యానికి పరిహారం కావాలంటే అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్కగట్టి పరిహారం అడగవచ్చు. ఆ ఉత్తరంలో మొదటి లైన్‌లోనే రిపోర్టు నంబరు వేయండి.